గాలింపు

పాల ట్యాంకరు నడిపే మద్లైనా
పొద్దున్న ఆరున్నరకి ఫోన్ చేసింది.
"బండి చచ్చింది రియెట్, వెనక పాలు గడ్డ కడుతున్నాయి."
తీగలు భుజాన వేసుకుని బయల్దేరాను.
ఫూర్న్ కనుమ కింద మైనస్ ఇరవై రెండు.
ఊపిరి పీలిస్తే ముక్కులో గాజుపెంకు.

రాత్రి మంచుకి కనుమ మూసేశారట.
సత్రం ముందు బండి ఆపి, తాళం తీసి,
లోపలికెళ్ళి పడుకుంది.
రేడియో ఆపానే అంటుంది.
ఆపలేదు. గొంతు తగ్గించింది, అంతే.

ఈ రేడియో సంగతి నాకు తెలుసు, బిగించింది నేనే.
వింటున్న గొంతు సన్నగిల్లగానే
దాని కడుపులో దిగులు మొదలవుతుంది.
(దిగులన్నది నా మాట. కంపెనీ పుస్తకంలో వేరే ఏదో ఉంది.)
ముందు చీటీ తీస్తుంది.
తను ఇంకా ఏయే కొండల మీద దొరుకుతుందో
తప్పిపోకముందే ఆ గొంతు రాసిచ్చిన చీటీ.
ఒక్కో గడప దాకా రెప్పపాటులో వెళ్ళొస్తుంది.
మనకి తెలియదు,
చదివేవాడు ఒక అక్షరం మింగినట్టుంటుంది.
ఎవరు పలికినా ముందు ఇంటిపేరు అడుగుతుంది.
ఇటలీ వైపు నుంచి ఒక పాట
గట్టిగా, ఘుమఘుమలాడుతూ వస్తుంది:
నువ్వు కాదు.
ఆస్ట్రియా వైపు నుంచి ఇస్త్రీ చేసిన గొంతొకటి
రేపటి ఎండ గురించి చెబుతుంది:
నువ్వూ కాదు.
బలానికి లొంగదు. ఇంటిపేరు కలవాలి.

చీటీ అయిపోయిందా,
ఎనభై ఏడున్నర దగ్గర మొదలుపెట్టి
నూట ఎనిమిది దాకా గాలినంతా గాలిస్తుంది,
బియ్యంలో రాళ్ళేరే వేలు
గింజ తర్వాత గింజని పక్కకి నెట్టినట్టు.
చివర గోడ తగిలితే మళ్ళీ మొదటికి.
రెండో విడత ఇంకా సన్నని చప్పుడుకీ ఆగుతుంది.
మూడో విడత
దాదాపు ఏమీ లేనిదాన్ని కూడా
నువ్వేనా అని అడుగుతుంది.

ఆ రాత్రి కొండ మీద స్తంభం మంచు బరువుకి విరిగింది.
ఆ కబురు రేడియోకి ఎవరు చెబుతారు?
ఆ బండికి అందేవాటిలో
మా రొమాంష్ మాట్లాడేది అదొక్కటే.
విడతకి అర నిమిషం, రాత్రికి పది గంటలు.
పన్నెండు వందల సార్లు.
ఆ తర్వాత బ్యాటరీలో అడిగేంత సత్తువ లేక ఆగింది.

తీగలు తగిలించాను.
ఇంజను రెండుసార్లు దగ్గి లేచింది.
ఆకుపచ్చ అంకెలు వెలిగాయి.
రాత్రి ఓడిపోయిన సంగతి వాటికి గుర్తే లేదు.
ఎనభై ఏడున్నర.
ఎనభై ఏడు పాయింట్ ఆరు.
ఎనభై ఏడు పాయింట్ ఏడు.

"ఒక్క తీగ కత్తిరిస్తే చాలు" అన్నాను,
"తాళం తీయగానే నోరు మూసుకుంటుంది."
కటింగ్ ప్లేయరు చేతిలోకి తీసుకున్నాను కూడా.

మద్లైనా ఎక్కువ మాటల మనిషి కాదు.
డెయిరీ వాళ్ళతో జర్మన్,
అవతలి లోయ రైతులతో ఇటాలియన్,
లీటర్లు లెక్కపెట్టుకునేటప్పుడు మాత్రం
పెదవులు కదిలేది రొమాంష్‌లో.
చేతి తొడుగు పళ్ళతో లాగి
ఆ అంకెల మీద వేలు ఆనించింది,
జ్వరం చూసినట్టు.
"కత్తిరించకు.
ఇంకాస్త పెద్ద బ్యాటరీ వెయ్యి."

వేశాను. ఖరీదైనది.
సీటు కింద పట్టక రేకు కొంచెం వంచాల్సొచ్చింది.
పాలు సగం పారబోశారని తర్వాత తెలిసింది.

తొమ్మిదో రోజు స్తంభం మళ్ళీ నిలబెట్టారు.
ఆ సాయంత్రం ఫోన్ మోగింది.
హలో లేదు, ఏమీ లేదు,
ఫోన్ తీసుకెళ్ళి రేడియో పక్కన పెట్టినట్టుంది.
మా భాషలో ఎవరో ముసలాయన
సంతలో గొర్రెల ధరలు చదువుతున్నాడు,
ఆడగొర్రె ఇంత, పొట్టేలు ఇంత, పిల్ల ఇంత.
నాకు గొర్రెలు లేవు. ఆమెకీ లేవు.
చివరి పిల్ల దాకా ఇద్దరం విన్నాం.

బ్యాటరీ డబ్బులు ఇంకా ఇవ్వలేదు.